పాలడబ్బా కొలత

మా ఇంట్లో కొలత పాలపొడి డబ్బా.
అంచున ఒకచోట సొట్ట.
సొట్ట దాకా బియ్యం పోస్తే ఆరుగురికి ఒక పూట.
ఓడ ఆలస్యమని రేడియో చెప్పిన సాయంత్రం
మేకుతో లోపల ఒక గీత గీశాను,
సొట్టకు వేలెడు కిందగా.
ఇవాళ్టికి నాలుగు గీతలు.

తరావా రేవులో ఇంజను విప్పి పరిచారట.
ఫిజీ నుంచి ఏదో ఇనుప ముక్క రావాలట,
అరచేతిలో ఇమిడేదట.
మా మరిది కౌరే దాని పేరు కూడా నేర్చుకొచ్చి
ఊరంతా చెబుతున్నాడు, చుట్టం పేరు చెప్పినట్టు.
అంత చిన్నది రాక
మా దీవిలో ప్రతి పొయ్యి మీదా
ఎసరు ఊరికే మరుగుతోంది.

మవేరి కొట్టు తలుపు మూయదు.
మూస్తే లోపల బస్తాలు దాచిందంటారని
పొద్దున్నించీ బార్లా తీసి కూర్చుంటుంది,
నీలం సబ్బులకీ సూదుల పెట్టెకీ కాపలాగా.
అప్పు పుస్తకం మాత్రం నిండుగా ఉంది.

మనేబా కప్పు కింద పెద్దలు రెండు రాత్రులు మాట్లాడారు.
ఎవరింట్లో ఎంతుందో నిజం చెప్పండన్నారు.
అందరం చాప మీది నీడలు చూసుకున్నాం.
ఒక ముసలాయన లేచి, "మూడు డబ్బాల చేప, అంతే" అన్నాడు.
ఎవరూ నమ్మలేదు.
నిజం చెప్పింది ఆయనొక్కడే.

మా పడకచాపల కింద అర బస్తా పిండి ఉంది.
మా ఆయనకు కూడా చెప్పలేదు.
రాత్రి దానిమీదే పడుకుంటాను,
గుడ్లమీద కోడిలా, ఒళ్ళు కదల్చకుండా.

తెల్లారకముందే కొబ్బరిచెట్టు మీంచి పాట.
పొత్తి చెక్కుతూ పాడతాడు మా ఆయన.
దిగేసరికి సీసాలో నీరా, నురగతో.
పిల్లలకు అదే పాలు, అదే చారు.
చేప ఉంది, కాదనను. చుట్టూ సముద్రం పెట్టుకుని చేపకేం.
కానీ ఒట్టి చేప తిన్న పిల్ల
తిన్నానని ఒప్పుకోదు.
"అన్నం ఎప్పుడు?" అంటుంది రూతియా, చేతులు కడుక్కుంటూనే.
ఈ మాట మేమెప్పుడు నేర్చుకున్నాం?
మా అత్త చిన్నప్పుడు బియ్యమంటే
ఏడాదికోసారి వినే మాట.

నిన్న అత్త నన్ను పిలిచింది. "బుట్ట తీసుకురా, పార కూడా."
పదకొండేళ్ళలో మొదటిసారి
చేమగుంటలోకి దిగమంది.

ఉప్పులేని నీరు తగిలేదాకా తాతలు తవ్విన గుంట అది.
బబై ఆకులు నా తలకంటే ఎత్తు.
పెళ్ళికో చావుకో తప్ప దుంప తియ్యరు.
ఒక్కో మొక్కకీ ఒక వయసు:
ఇది రూతియా ఈడుది, ఇది దక్కని పిల్లాడి ఈడుది.
అల పొంగి వచ్చినప్పుడు ఉప్పు తాగిన వరస
ఇంకా పసుపు పచ్చగానే ఉంది.
ఎరువు వేసే వేళ ఇన్నేళ్ళూ నన్ను ఇంట్లోకి పంపేసేది.
ఏ ఆకు, ఎంత ఎండాలి, చంద్రుడు ఎక్కడుండగా వేయాలి,
అది ఇంటి గుట్టు, కోడలికి చెప్పేది కాదు.
నిన్న చెప్పింది. మోకాలి లోతు బురదలో నిలబడి,
పక్క గుంటవాళ్ళు వినకుండా, చెవిలో.
అవి ఇక్కడ రాయను.

ఒక దుంప తీశాం. పసిపిల్లంత బరువు.
తల కోసి నా చేతే మళ్ళీ నాటించింది.
ఆ తరవాతే మిగతాది బుట్టలో వేయనిచ్చింది.
సాయంత్రం దాకా ఉడికింది.
సరిగా ఉడక్కపోతే గొంతు పట్టుకుంటుంది.

తింటూ అత్త అంది, నా వైపు చూడకుండా,
"చాప కింద వేడికి పిండి పురుగు పడుతుంది."

నమలడం ఆపలేదు నేను. ఆపితే ఒప్పుకున్నట్టు.
రాత్రి జల్లించాను. రూతియా దీపం పట్టుకుని
పురుగులు లెక్కపెట్టింది నలభై దాకా, ఆపైన నిద్రపోయింది.
పొద్దున రెండు డబ్బాలు, సొట్ట దాకా,
మవేరి పుస్తకం పక్కన పెట్టి వచ్చాను.
ఆమె రాసుకోలేదు.
ఏ పేజీలో రాయాలో తెలియలేదనుకుంటా.

ఇప్పుడే రేడియోలో చెప్పారు:
ఇనుప ముక్క వచ్చిందట.
వేరే నంబరుదట.